బిళ్ళ ఒకచోట, మనిషి ఒకచోట

ముప్పై ఏడో బిళ్ళకు చెవిమాట అందడం లేదు. సాత్విక దాన్ని కొక్కెం నుంచి తీసి, చున్నీ అంచుతో రుద్ది, ముప్పై ఎనిమిదో బిళ్ళకు దగ్గరగా పట్టుకుంది. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాక దాని మీద ఆకుపచ్చ గింజ వెలిగింది. దాన్ని తగిలించి తర్వాతి బిళ్ళ తీసుకుంది. ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది. రాత్రంతా గాలి వదిలిన గని నోట్లోంచి చలి ఇంకా వస్తూనే ఉంది. దీపాలగది గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి.

ఆరింటికి మనుషులు లోపలికి వెళ్ళాలి. పాత బొగ్గు సొరంగాల గోడల్లో రాత్రి పడ్డ నెర్రెలు వెతికి పూత పెట్టాలి. పన్నెండుకల్లా బయటపడాలి. పన్నెండున్నరకు ఎండకరెంటు పొంగుతుంది కాబట్టి ఇనుప తలుపు మూసి పూరకం మొదలుపెడతారు, ఆ కరెంటుతో సొరంగాల్లోకి గాలి కూరుతారు. సాయంత్రం ఊళ్ళన్నిటికీ దీపాలు వెలిగించేది ఆ దాచిన గాలే. తలుపు పడ్డాక లోపల ఉండేది మనిషి పీల్చే గాలి కాదు, మనిషిని నలిపేసే గాలి.

నలభై మంది వరసగా వచ్చి బిళ్ళలు తీసుకున్నారు. బొగ్గు రోజుల్లో బిళ్ళంటే అంకె కొట్టిన ఇత్తడి ముక్క. లోపలికి పోతూ తీసుకుని, బయటికొచ్చాక ఇచ్చేసేవాళ్ళు. పేరు మారలేదు, పనే మారింది. ఇప్పటి బిళ్ళ తానున్న చోటును పక్క బిళ్ళ చెవిలో వేస్తుంది, అది ఇంకోదాని చెవిలో వేస్తుంది. అలా రాయి అడ్డొచ్చినా మలుపు అడ్డొచ్చినా కబురు తలుపు దాకా వస్తుంది. రాతిలో దూరలేని తరంగానికి సాత్విక కనిపెట్టిన దారి అది. ఆ ఒక్క ఉపాయం మీదే ఇవాళ ఆమె కంపెనీ పుట్టబోతోంది.

మొగిలి మాత్రం రెండు బిళ్ళలు తీశాడు. ఒకటి భుజానికి తగిలించుకున్నాడు, ఒకటి లోపలి జేబులో వేసుకున్నాడు. అతని వెనకే బావ చేరాలు, భుజం మీద ఏమీ లేకుండా, పూత డబ్బా పట్టుకుని ఎడమ కాలు ఈడుస్తూ లోపలికి నడిచాడు. సరిగ్గా అప్పుడే సాత్వికకు రిజిస్టరులో పేజీ తిప్పే పని పడింది. తొమ్మిది రోజులుగా ఆ క్షణానికి ఆమెకు ఏదో ఒక పేజీ తిప్పే పని పడుతూనే ఉంది.

తలుపు పక్కన బండరాయి మీద రాజలింగు కూర్చుని లోపలికి పోయేవాళ్ళ తలలు లెక్కపెడుతున్నాడు. వడ్లు కొలిచేవాళ్ళలాగే ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు అని ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి వేసి వదులుతాడు. నలభై ఏళ్ళుగా ఈ గని నోటి దగ్గర ఆయన చెయ్యి తగలకుండా లోపలికి పోయినవాడు లేడు, బయటికొచ్చినవాడు లేడు. సాత్విక నాన్న తల కూడా ఆ చేతి కింద నుంచి ఇరవై రెండేళ్ళు పోయి వచ్చింది.

నలభయ్యోవాడు పోయాక సాత్విక వెళ్ళి, బయటికొచ్చేటప్పుడు లెక్కపెట్టే పని ఇవాళ ఉండదని, తలుపు బిళ్ళల మాట మీదే మూసుకుంటుందని చెప్పింది. రాజలింగు టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది.

"మిషిని ఓపికగ కూసుంటదా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

"కూసుంటది పెద్దబాపు," అంది సాత్విక.

ఆయన తలూపి, డబ్బా పట్టుకుని గేటు దగ్గరి రేకుల షెడ్డు కిందికి పోయి కూర్చున్నాడు. ఇంటికి పొమ్మన్నా అంత తొందరగా పోబుద్ధి కాలేదేమో. సాత్విక తెరలుండే చూపుగదికి మెట్లెక్కింది. ఆ మెట్ల మీద ఆమెకు తన మాటే వెనక నుంచి వినిపించింది. ఆయన దేని గురించి అడిగాడో ఆమెకు తెలుసు.

కంపెనీ పేరు ఆనవాలు. రేగులగూడెంలో దర్జీ కొట్టు పైగది దాని చిరునామా. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, బిళ్ళలు అతికే సన్నకొలిమి ఉన్నాయి. గోడకు ఆనించి ఒక బోర్డు ఉంది, ముఖం గోడవైపు తిప్పి ఉంది. సాక్ష్యమండలి ముద్ర పడేదాకా బోర్డు ముఖం తిప్పకూడదని ప్రణయ్ పట్టు. ఊరూరూ తిరిగి కంపెనీ గురించి చెప్పే పని అతనిది, బిళ్ళను మాట్లాడించే పని సాత్వికది. ముద్ర పడితే బిళ్ళకు సాక్ష్యహోదా వస్తుంది. బిళ్ళ ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే చట్టం ఒప్పుకుంటుంది. ఈ లోయలో ఐదు గాలిగనులు, ఐదింటికీ ఇవాళ ఒకేసారి ఆఖరి పరీక్ష. ఈ గనిలో పరీక్ష మండలి కళ్ళెదుట, మిగతా నాలుగూ తెరల మీద.

ముద్ర పడాలంటే పది రోజులపాటు బిళ్ళ ఒకచోట, మనిషి ఒకచోట అన్న మాట రాకూడదు. అక్కడే వచ్చింది చిక్కు.

పరీక్షకు ముందు వారంలో సాత్విక తెర మీద ఒక వింత చూసింది. రెండు బిళ్ళల చుక్కలు నాలుగో సొరంగంలో ఒకే అడుగున నడుస్తున్నాయి. ఒకటి ఆగితే రెండోది ఆగుతోంది. ఒకటి వంగితే రెండోది వంగుతోంది. తరంగం గోడకు తగిలి రెండుగా కనిపిస్తోందని ప్రణయ్ అనుకున్నాడు. సాత్విక మాత్రం నిమిషంలో కనిపెట్టింది. గనివాడి బిడ్డకు ఆ నడక ఒకరు చెప్పాలా? ఒకరి బిళ్ళ ఇంకొకరు మొయ్యడం ఇక్కడ తాతల నాటి మాట. ఒంట్లో బాగోలేనివాడి బిళ్ళ, నడుం పట్టేసినవాడి బిళ్ళ, ఇంట్లో చావు జరిగి మనసు మనసులో లేనివాడి బిళ్ళ పక్కవాడు మోస్తాడు. అడిగితే కాదనరు. నాన్న ఎన్నోసార్లు మోశాడు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే తలుపు దగ్గర రాజలింగు ఉన్నాడు, బిళ్ళ ఏం చెప్పినా ఆయన చెయ్యి తలనే నమ్ముతుంది.

చేరాలు బిళ్ళ మొగిలి ఎందుకు మోస్తున్నాడో కూడా ఆమెకు తెలుసు. బిళ్ళ నడకను కూడా కొలుస్తుంది. యాజమాన్యం అడిగింది, ప్రణయ్ సరే అన్నాడు, సాత్విక రెండు గంటల్లో రాసిచ్చింది. నడక మందగించినవాడి పేరు పక్కన మందగతి అని పడుతుంది, మూడుసార్లు పడితే పేరు జాబితాలోంచి పోతుంది. చేరాలు మోకాలు పోయి ఏడాదైంది. నెర్రె కనిపెట్టడంలో అతని వేలికి సాటి లేదు, కానీ వేళ్ళను కొలవమని యాజమాన్యం అడగలేదు.

జంట చుక్కల్ని మండలికి చూపిస్తే పరీక్ష పోతుంది, ఇద్దరి కొలువులూ పోతాయి. అందుకని సాత్విక పందొమ్మిది వరసల్లో జంటదిద్దు రాసింది. రెండు చుక్కలు చెయ్యిచాపు దూరంలో కలిసి నడిస్తే, ఆ వేళకు జాబితా ప్రకారం రెండోవాడు ఎక్కడుండాలో అక్కడికి వాడి చుక్కను జరుపుతుంది. చేరాలు ఏడో సొరంగంలో ఉండాలి, నిజంగానే అక్కడే ఉంటాడు, తెర కూడా అక్కడే చూపిస్తుంది. అబద్ధం దారిన వచ్చినా చేరింది నిజానికే కదా అని ఆమె సర్దుకుంది. పాపం, పేదవాళ్ళ కోసమే కదా అని కూడా సర్దుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి మాత్రం అడ్డంగా పేజీ పట్టుకుని తాగింది.

ప్రణయ్‌కి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల ఏముందో తనకు వద్దని, పనిచేస్తుందా లేదా అన్నదొక్కటే చాలని అన్నాడు. పనిచేస్తుందంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇద్దరూ పంచుకున్నారు, పెద్ద పిడికిలి ఎవరిదో తేల్చుకోలేదు.

తొమ్మిది రోజులూ ఒక్క తప్పు పడలేదు. రోజూ చేరాలు అందరికంటే పావుగంట వెనక కుంటుకుంటూ వచ్చేవాడు. బిళ్ళలన్నీ బయటే ఉన్నాయని తెర చెప్పినా, రాజలింగు బండ మీద నుంచి లేచేవాడు కాదు. చేరాలు తల మీద చెయ్యి వేశాకే ఖాళీ అని కేకేసేవాడు. మండలి పుస్తకంలో ఆ పావుగంట ఎక్కడా లేదు.

పదకొండింటికి మండలి వచ్చింది. అధ్యక్షురాలు నిహారిక గారికి డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి నేత చీర, మెడలో చదువుకునే అద్దాలు, తక్కువ మాటలు. తెర ముందు కూర్చుని నలభై చుక్కల్నీ చాలాసేపు చూసింది. అందంగా ఉందంది. నిజంగానే అందంగా ఉంది, ఏ చుక్కా ఇంకోదానికి అడ్డం రావడం లేదు. తర్వాత ఆమె వెనక్కి తిరిగి, దీన్ని రాసిన మనిషివి నువ్వేనా అని సాత్వికను అడిగింది. మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సాత్విక తరంగాల గురించీ రాళ్ళ గురించీ ఆమె అడగనివన్నీ చెప్పుకుపోయింది.

పన్నెండుకు చుక్కలు తలుపు వైపు కదిలాయి. పన్నెండూ పదికి తెర మీద బయట నలభై, లోపల సున్నా అని పడింది. ప్రణయ్ ఊపిరి పీల్చుకున్నాడు. తలుపు బిళ్ళల మాట వింది, మొదటి కూత కూసింది. అది పూర్తిగా పడడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆపే మీట ఇవాళ ఎవరి చేతిలోనూ లేదు. మనిషి చెయ్యి పడకుండా జరగడమే పరీక్ష.

సాత్విక కిటికీలోంచి కిందికి చూసింది. మొగిలి దీపాలగది దగ్గర నిలబడి ఒక బిళ్ళ కొక్కేనికి తగిలించాడు. అటూ ఇటూ చూసి రెండోది తగిలించాడు. తర్వాత నిమ్మళంగా కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. కుళాయి దగ్గర, టీబండి దగ్గర, గోడ నీడన ఎక్కడా చేరాలు లేడు. మొగిలి ముఖంలో గాబరా కూడా లేదు. ఎందుకుంటుంది? బావ నెమ్మదిగా వస్తాడు; బండ ఖాళీగా ఉన్నా రాజలింగు షెడ్డు కింద కనిపిస్తూనే ఉన్నాడు, ఆయన కేకెయ్యందే తలుపు పూర్తిగా పడదు. ఇవాళ ఆ కేక అక్కర్లేదని లోపలికి పోయిన నలభై మందిలో ఒక్కరికీ చెప్పలేదు. పరీక్ష సహజంగా జరగాలంటే చెప్పకూడదని ప్రణయ్ అన్నాడు, సాత్విక తలూపింది.

అప్పుడామె మండలికి చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట చాలు. చెప్పడానికి నోరు కూడా తెరిచింది. ఎదురుగా నిహారిక గారు, ఆమె పక్కన నవ్వు ఆపుకోలేకపోతున్న ప్రణయ్, తెర మీద అందమైన సున్నా కనిపించాయి. సాత్విక నోరు మూసుకుని, ఇప్పుడే వస్తానని చెప్పి మెట్లు దిగింది. ఆ తర్వాత ఆమె తనను తాను చాలాసార్లు తిట్టుకున్నది ఈ ఒక్క క్షణానికే. కాళ్ళకు ఉన్న నిజాయితీ నోటికి లేకపోయింది.

దీపాలగదిలో పదకొండో నంబరు కొక్కెం నుంచి చేరాలు బిళ్ళ తీసుకుని పరుగెత్తింది. తలుపు సగం దిగి ఉంది. వంగి దూరింది. ఆమె చేతిలోని బిళ్ళ, కబుర్లు అందుకోవడానికి తలుపు పక్క గోడకు బిగించిన చెవులకు తన చోటు చెప్పింది. జంటగా ఇంకో బిళ్ళ లేదు కాబట్టి దిద్దుకు పని పడలేదు. వెనక ఇనుము కిర్రుమని ఆగింది. ఎర్ర దీపం తిరగడం మొదలుపెట్టింది.

చేరాలు ఆరో మలుపు దగ్గర ఎదురయ్యాడు. గోడకు భుజం ఆనించి, డబ్బా ముందు పెట్టి, కాలు దాని దగ్గరికి లాక్కుని, మళ్ళీ డబ్బా ముందు పెట్టి వస్తున్నాడు. సాత్వికను చూసి ఆశ్చర్యపోయాడు. మోకాలు ఇవాళ అసలే మాట వినడం లేదని, ఏడో దాంట్లో వేలెడు నెర్రె దొరికితే వదిలి రాబుద్ధి కాలేదని చెప్పాడు. ఆమె డబ్బా అందుకుంది. చంకలో చెయ్యి వేసి నడిపించింది.

"రాజలింగన్న కూసున్నడు గద, మరెందుకచ్చినవ్ బిడ్డా?"

"లేడు కాకా. ఇయ్యాల తలుపు కాడ ఎవరూ లేరు. బిళ్ళలే."

చేరాలు ఆగిపోయాడు. దూరంగా తిరుగుతున్న ఎర్ర వెలుగు గోడ మీద వచ్చిపోతోంది. దాన్ని చూశాడు, ఆమె చేతిలోని తన బిళ్ళను చూశాడు. లెక్క కట్టుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"మాకు చెప్పలే," అన్నాడు.

అంతే అన్నాడు. సాత్వికకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా, అరిచినా దేన్నైనా పట్టుకుని నిలబడేది. ఆ రెండు మాటల్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరూ నడిచారు. వెలుతురు దగ్గరపడ్డాక చేరాలు బయట ఏమని చెప్పాలని అడిగాడు. సాత్విక బిళ్ళ తీసి అతని భుజానికి తగిలించింది. అదే బదులని అతను అర్థం చేసుకున్నాడు.

బయట చప్పట్లు.

ఆమె అది ఊహించలేదు. తెర మీద సున్నా కాస్తా ఒకటైంది, పదకొండో చుక్క ఎర్రగా కొట్టుకుంది, తలుపు తనంతట తనే ఆగింది. మండలికి కనిపించింది అదే. పనివాడెవరో దేనికో వెనక్కి వెళ్ళాడు, మనుషులెవరూ చూడలేదు, బిళ్ళ చూసింది, తలుపును ఆపింది. స్థాపకురాలు స్వయంగా లోపలికి పరుగెత్తి తీసుకొచ్చింది. ప్రణయ్ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. సాత్విక రెండు చేతులూ పట్టుకుని, ఇంతకంటే మంచి పుట్టుక ఏ కంపెనీకి ఉంటుందని అన్నాడు. ఆనవాలు గురించి ఇక ఎవరు ఎప్పుడు చెప్పినా ఈ రోజుతోనే మొదలుపెడతారన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు సాత్విక నిలబడింది.

నిహారిక గారు కిందికి దిగివచ్చి, చేరాలును కుర్చీలో కూర్చోబెట్టించి, మంచినీళ్ళు ఇప్పించింది. మండలి గుమస్తా మాటను పట్టి ఉంచే పలకయంత్రం అతని ముందు పెట్టాడు. నీ ప్రాణం కాపాడిందేమిటో రికార్డుకు చెప్పమని అడిగింది. చేరాలు గ్లాసు కింద పెట్టాడు. గుంపు వెనక మొగిలి తల దించుకుని ఉన్నాడు. చేరాలు అతన్ని చూశాడు, తర్వాత సాత్వికను చూశాడు.

"బిళ్ళే కాపాడింది మేడం. గా బిళ్ళ లేకుంటే సచ్చిపోదును."

గుమస్తా మీట నొక్కాడు. ఇక ఆ మాట చెరగదు. అరవై రెండేళ్ళ మనిషి, గోడ మీద వెంట్రుకంత నెర్రెను కూడా దాచిపెట్టనివాడు, ఆమె కోసం అందరి ముందూ అబద్ధమాడాడు. తన కొలువు కోసం కూడా ఆడాడు, కానీ చూసింది మాత్రం ఆమె ముఖం. సాత్వికకు అక్కడే నేల నెర్రె విచ్చి తనను తీసుకుపోతే బాగుండుననిపించింది. సిగ్గు ఆమెకు కొత్త కాదు, తొమ్మిది రోజులుగా పేజీల కింద దాచుకుంటూనే ఉంది. ఈ సిగ్గును దాచడానికి ఏ పేజీ చాలలేదు.

ఒంటిగంటకు అక్కడే, తలుపు పక్కనున్న చిన్న తెర మీదికి స్థాపన పత్రం వచ్చింది. కంపెనీ పేరు, పైగది చిరునామా, ఇద్దరి పేర్లు. కింద ఒకే ప్రశ్న ఉంది: పరీక్షాకాలంలో బిళ్ళ ఒకచోట, మనిషి ఒకచోట ఉన్న సందర్భాలు ఎన్ని? పక్కన సున్నా అని యంత్రమే నింపి పెట్టింది. స్థాపకులు దాన్ని నోటితో చెప్పాలి, గొంతే సంతకం. ప్రణయ్ ముందు చెప్పాడు. సున్నా. గొంతు గర్వంగా పలికింది.

పలకయంత్రం సాత్విక ముందుకు వచ్చింది. గుమస్తా ఎదురు చూశాడు. గేటు దగ్గరి షెడ్డు కింద రాజలింగు టిఫిను డబ్బా మూత విప్పుతున్నాడు, ఇంటికి పోకుండా అక్కడే తినడానికి సిద్ధపడ్డాడు. సాత్వికకు ఆ మూత చప్పుడు వినిపించలేదు, మూత విప్పే చెయ్యి కనిపించింది.

"పది," అంది.

ప్రణయ్ నవ్వుతూనే ఆమె వైపు తిరిగాడు. పొరపాటు పడిందనుకున్నాడు.

"రోజుకొకటి చొప్పున పది రోజులూ. ఇవాళ కూడా. బిళ్ళ బయటే ఉంది, మనిషి లోపల ఉన్నాడు. దాన్ని లోపలికి తీసుకెళ్ళింది నేను. చుక్కల్ని జరిపే దిద్దు కూడా నేనే రాశాను, అది ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది రోజులు తప్పు పడకపోవడానికి కారణం మా బిళ్ళ కాదు. గేటు దగ్గర కూర్చున్న ఆ పెద్దాయన."

నిహారిక గారు అద్దాలు పెట్టుకుని ఆమెను చూసింది. ఆ బిళ్ళ ఎవరిదని అడగలేదు, అడగాల్సిన పని లేదు. కుర్చీలో చేరాలు ఇంకా కూర్చునే ఉన్నాడు. ప్రణయ్ ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక తెర వైపు పెట్టాడు. తెర మీద పత్రం మాయమైంది. దాని చోట ఐదు గనుల పేర్లు వచ్చాయి. ఒక్కొక్కదాని పక్కనా చుక్కల అంకె బూడిద రంగుకు మారింది, సాక్ష్యం చెల్లదు, తలలెక్క కావాలి అని పడింది. అప్పటికే పడిపోయి, ముద్ర పడ్డాకే పూరకం మొదలుపెట్టాలని ఆగి ఉన్న నాలుగు తలుపులూ మళ్ళీ లేవడం మొదలుపెట్టాయి. నాలుగు చోట్లా తలలు లెక్కపెట్టేవాళ్ళను పొద్దున్నే ఇంటికి పంపేశారు. వాళ్ళను వెతకడానికి బండ్లు పోయాయి. ఎక్కడా గాలి నిండదు కాబట్టి ఈ సాయంత్రం లోయలో సగం దీపాలు వెలగవని యాజమాన్యం మనిషి ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

సాత్విక చేరాలు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్ద మాటలన్నీ పలకయంత్రానికే ఖర్చయిపోయాయి.

చేరాలే నెమ్మదిగా అన్నాడు. "అడిగితే నేనే చెప్పేటోన్ని గద బిడ్డా. నాతోటి అబద్ధం ఆడిచ్చి, నువ్వు నిజం చెప్పినవ్."

అది నిజం. అతను కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. మొగిలి వచ్చి బావ పక్కన నిలబడ్డాడు. భుజం మీది బిళ్ళ తీసి చేరాలు సాత్విక చేతిలో పెట్టాడు. రేపు ఇద్దరి పేర్లూ జాబితాలో ఉంటాయో లేదో ఆ ముగ్గురికీ తెలియదు.

రాజలింగును పిలిచారు. ఆయన డబ్బా మూత మళ్ళీ బిగించి, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా వచ్చి బండ పక్కన నిలబడ్డాడు. ఏం జరిగిందని ఎవరినీ అడగలేదు. మండలి వాళ్ళు, ప్రణయ్, గుమస్తా అందరూ తలుపు దగ్గర చేరారు. పనివాళ్ళు వరస కట్టారు. రోజూ వరస చివర వచ్చే చేరాలును మొగిలి చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టాడు.

"లాభం," అన్నాడు రాజలింగు, చేరాలు నెత్తి మీద చెయ్యి వేసి.

రెండు, మూడు, నాలుగు. ఆయన తొందరపడలేదు. ప్రతి తల మీదా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవతల పూరకం యంత్రాలు ఎండకరెంటును ఏం చేసుకోవాలో తెలియక గుర్రుమంటున్నాయి. ముప్పై తొమ్మిది. నలభై. వరస అయిపోయింది. యాజమాన్యం మనిషి చేతి గడియారం చూసుకుంటూ ఇక ఖాళీ అని కేకెయ్యమన్నాడు. రాజలింగు కేకెయ్యలేదు. చుట్టూ చూశాడు.

సాత్విక దీపాలగది గోడ దగ్గర, అందరికీ దూరంగా నిలబడి ఉంది. వరసలోకి రావడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. వస్తే ఎవరి పక్కన నిలబడాలి?

"రా బిడ్డా," అన్నాడు రాజలింగు. "లోపలికి పోయినోళ్ళను లెక్కవెట్టకుండ నేను తలుపు ఎయ్యనియ్య."

ఆమె వచ్చి తల వంచింది. నలభై తలల నుంచి అంటిన పూత మరకలు, పచ్చడి వాసన ఉన్న ఆ చెయ్యి ఆమె నెత్తి మీద పడింది. నాన్న తల మీద పడినంతసేపే ఆగింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"నలభై ఒకటి," అన్నాడు.

పైన చూపుగదిలో, బూడిద రంగులో, తెర ఇంకా నలభై అనే చూపిస్తోంది.